తొక్కుడు పడవకు సీటు

మదనపల్లెలో నాకు సీటు కవర్ల షాపు ఉంది. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు, జేసీబీలు, మనిషి కూర్చునేది ఏదైనా ఒక రోజు నా మిషను కిందికి రావాల్సిందే. ఇన్నేళ్ళుగా జనం కూర్చునే చోటునే చూస్తున్నవాణ్ణి కాబట్టి, ఎవరైనా షాపు మెట్లెక్కే తీరు చూసి నడుము ఏ పక్క నొస్తోందో చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉంది. అలాంటి నా దగ్గరికి ఒక ఉదయం కుప్పం నుంచి ఒకాయన కారు నెత్తిన పడవను కట్టుకొని వచ్చాడు.

"దీనికి సీటు కుట్టాలప్పా" అన్నాడు.

నాకు ముక్కు మీదే కోపం అని మా ఇంట్లో అంటారు. అబద్ధమేం కాదు. ఎవరో పనిలేక పరాచికాలాడుతున్నారనుకున్నాను. "సార్, ఈడ తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం కాసుకోనుండే జనం మేము. పడవ యాడ నడిపిస్తారు, బిందెలోనా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. బెంగుళూరులో ఇంజనీరు పని చేసి రిటైరయ్యాడట. గుడుపల్లె దారిలో ఒక చెరువు ఒడ్డున తోట కొనుక్కున్నాడట. కాలువ నీళ్ళు వచ్చి ఆ చెరువు నిండాక సరదా పుట్టి రెండు చిన్న పడవలు తెప్పించుకున్నాడట. కాయక్ అంటారు వాటిని. ఒకదాని సీటును కోతులు పీకి పాకం పెట్టాయి. అదీ సంగతి.

"తెడ్డు వేసే పని లేదప్పా. కాళ్ళతో తొక్కితే పోతాది" అని, పడవ నడుమున ఉన్న రెండు పెడళ్ళను చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి చూపించాడు. అడుగున రెండు రెక్కలు చేప తోకలాగా అటూ ఇటూ కొట్టుకున్నాయి. నేను నోరు వెళ్ళబెట్టుకొని చూశాను. షాపులో పనివాళ్ళు, ఎదురు టీకొట్టు ఆయన, అందరూ వచ్చి తలా ఒకసారి ఆడించి చూశారు. నాకు మాత్రం ఆ రెక్కలు ఆడుతున్నంతసేపూ మా అక్కే కళ్ళ ముందు మెదిలింది.

అక్కను మా ఊళ్ళోనే ఇచ్చారు, పుంగనూరు దగ్గర ఒక పల్లె. బావ టమోటా బండి తోలుతాడు. మార్కెట్టు, లోడు, కిరాయి, ఆయన లోకం ఆయనది. సేద్యమంతా అక్కదే. ఊరికీ చేనుకీ మధ్య చెరువు. చెరువని పేరే గానీ, నాకు బుద్ధి తెలిశాక అందులో నీళ్ళు నిలిచింది చూడలేదు. మేం క్రికెట్టు ఆడింది అందులోనే. అక్క చేనుకు పోయే కాలిబాట కూడా అందులోంచే. ఎండిన చెరువులోనే బాట వేసుకొని, అది ఎప్పటికీ అట్లాగే ఉంటుందనుకొని బతికేశాం. ఒక ఏడు కాలువ నీళ్ళు వదిలారు, పైన వానలూ పడ్డాయి, చెరువు నిండి, మిగిలిన నీళ్ళు బయటికి పోయే మరవ పారింది. ఊరు ఊరంతా పసుపు కుంకుమలతో పోయి నీళ్ళకు హారతి పట్టింది. అక్క కూడా పట్టింది. తెల్లారి చేనుకు పోదామని బయల్దేరితే బాట లేదు.

చుట్టూ తిరిగి పోవచ్చు. చెరువు కట్టమీదుగా పోయి, గుట్ట పక్కన రాళ్ళలో దిగి, మళ్ళీ ఎక్కాలి. బండి సగం దాకే పోతుంది. మామూలు మనిషికే గంట పైన పట్టే దారి అది, అక్కకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక పంటకాలం అట్లాగే పళ్ళు బిగబట్టి నడిచింది. మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి. నడక తగ్గించమన్నాడు డాక్టరు. బరువు పడకుండా కూర్చొని కాళ్ళు ఆడిస్తే మాత్రం మంచిదేనన్నాడు. ఇక బావ పట్టుబట్టాడు: చేను గుత్తకు ఇచ్చేద్దాం, ఏడాదికింతని ఎవరో ఒకరు చేసుకుంటారు, నువ్వు ఇంటి పట్టున ఉండు. పక్క చేను రైతు సిద్ధంగా ఉన్నాడు. మంచివాడే. టమోటా మడులు గీసుకోవడం, నారు నాటించడం, కట్టెలు పాతి తీగ కట్టడం, అంతా తన చేతుల మీదుగా చేసుకున్న మనిషి అక్క. గుత్త మాట వచ్చిన రోజు నుంచి ఆమె అన్నం సరిగ్గా తినడం లేదని బావే నాకు ఫోను చేసి చెప్పాడు.

కూర్చొని కాళ్ళు ఆడిస్తే మంచిదన్నాడు గదా డాక్టరు. పడవ రెక్కలు ఆడుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ మాట.

సార్ సీటును నేను జన్మలో కుట్టనంత బాగా కుట్టాను. నాలుగంగుళాల ఫోము, మేలు రకం రెగ్జిను, అంచుకు ఎర్ర పైపింగు. పని అయ్యాక పడవను నఖశిఖపర్యంతం తడిమి చూస్తే, కూర్చునే చోట అడుగున నాలుగు బొక్కలు కనిపించాయి. ఇటు నుంచి చూస్తే అటు షాపు గచ్చు కనిపిస్తోంది. పాపం, ఇంజనీరే గానీ చూసుకున్నట్టు లేడు అనుకొని, సీలు ముద్ద పెట్టి, ఆరబెట్టి, ఉలితో నున్నగా గీకి, ఊరికే మూసిపెట్టాను. దానికి బిల్లు కూడా వెయ్యలేదు.

ఆదివారం పడవను బండికెత్తించుకొని కుప్పం పోయాను. సీటు బిగించి, "నువ్వే ఎక్కి సూడప్పా" అన్నాడు సార్. నాకు ఈత రాదు. మా వైపు ఎవరికి వస్తుంది? కాషాయం రంగు జాకెట్టు ఒకటి తొడిగించాడు, అది ఉంటే మునగరట. దేవుడా అనుకుంటూ కూర్చున్నాను. నాలుగు తొక్కులు తొక్కానో లేదో, కింద నేల లేదు.

ఆ క్షణం సంగతి ఎవరికి చెప్పినా సరిగ్గా చెప్పలేకపోతున్నాను. చప్పుడు లేదు. ఇంజను లేదు, పెట్రోలు వాసన లేదు. నా కాళ్ళు ఆడుతున్నాయి, నేను పోతున్నాను. నీళ్ళంటే నాకు తెలిసింది బిందె, ట్యాంకరు, బోరు నుంచి దగ్గుతూ వచ్చే సన్నటి ధార. ఇన్ని నీళ్ళు ఒక్కచోట, ఎవరూ కొట్లాడకుండా, ఊరికే పడుకొని ఉంటే వాటి మీద నేను కూర్చొని ఉన్నాను. అవతలి గుట్ట తలకిందులుగా నా పక్కనే ఉంది. చెయ్యి చాపి గుట్టను తాకాను. ఇంత వయసొచ్చి చెరువు మధ్యలో ఏడుస్తున్నానేంట్రా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

తిట్టుకోవడం అయ్యేసరికి కూర్చున్న చోట తడి తగిలింది. ముందు కొంచెం, తర్వాత చాలా. కాళ్ళ కిందా నీళ్ళే. ఫోము పీల్చిన నీళ్ళు పీల్చినట్టే ఉండి, నేను కదిలినప్పుడల్లా కుయ్యిమంటోంది. "సార్! పడవ మునిగిపోతాండాది!" అని గావుకేక పెట్టాను.

"మునగదప్పా! ఆ బొక్కలు ఏం చేస్తివి?"

"మూసేసినా సార్!"

ఆయన ఒడ్డున కూర్చుండిపోయి కడుపు పట్టుకొని నవ్వాడు. ఎంత నవ్వాడంటే, నేను కష్టపడి ఒడ్డుకు చేరుకున్నాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఈ పడవ లోపలంతా బోలుగా, గాలితో మూసి ఉంటుందట. ఆ బొక్కలు పైనుంచి కిందికి గొట్టాల్లాంటివట. అలల వల్లో కాళ్ళ వల్లో పైకొచ్చిన నీళ్ళు తిరిగి చెరువులోకి పోయే దోవలవి. పోయే దోవ మూసేసి, పైన స్పంజి పరిచి పెట్టాను నేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ ముద్దంతా అక్కడికక్కడే పీకేశాను.

సిగ్గుపడ్డా గానీ, అక్క సంగతి మాత్రం అడక్కుండా ఉండలేకపోయాను. మొత్తం విని ఆయన నవ్వు ఆపేశాడు. "రెండూ తీస్కపో. ఆమెకు ఏది కుదిరితే అది ఉంచుకోండి. నాకు ఒకటి చాలు. దానికి మాత్రం మంచి సీటు కుట్టియ్యి" అన్నాడు.

రెండు పడవలూ పొట్టివే, ఒక్క మనిషికే. కానీ రెండింటి స్వభావం వేరు. మొదటిది ఇందాక నేను ఎక్కింది, అంటే తోపుడు పెడళ్ళది. ఒక కాలు ముందుకు తోస్తే రెండోది వెనక్కి వస్తుంది, అంతే. వెడల్పుగా, నేల మీద పరుచుకున్న బర్రెలాగా నిమ్మళంగా ఉంటుంది. తూడు, నాచు అడ్డొస్తే రెక్కలు పడవ కడుపుకు అతుక్కుపోతాయి, చిక్కుకోవు. వెనక్కి పోవాలంటే మాత్రం చుట్టూ తిప్పుకోవాల్సిందే. రెండోది సైకిలు పెడళ్ళది. గుండ్రంగా తొక్కితే అడుగున ఫ్యాను తిరుగుతుంది. సన్నగా ఉంటుంది, జోరుగా పోతుంది, వెనక్కి తొక్కితే వెనక్కి వస్తుంది. తూడు తగిలితే మాత్రం ఫ్యానుకు చుట్టుకొని చచ్చి కూర్చుంటుంది. నేను సైకిలు పక్షం. బండ్ల మీద బతికినవాణ్ణి, ముందుకూ వెనక్కూ పోయే బండే బండి అనుకున్నాను. సార్ మాత్రం "ఆమెనే ఎక్కి సూడనీ" అన్నాడు.

బావ తన టమోటా బండిలో రెండూ వేసుకొని పలమనేరు మీదుగా పుంగనూరు తీసుకొచ్చాడు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. "బామ్మర్దీ, నువ్వు సీట్లు కుట్టుకో, నా పెండ్లాన్ని నీళ్ళలో ముంచొద్దు."

అక్కను చూడాలి ఆ రోజు. చీర ఎగ్గట్టి, దాని మీద ఆ కాషాయం జాకెట్టు తొడుక్కొని, పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం గదా, దీనికి చక్రాలు లేవు, నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలని కాసేపు పంచాయితీ జరిగింది. చివరికి రెండింటి మూతి కిందా తలా ఒకటి పెట్టి నీళ్ళలోకి తోశాం. పడవకు పొడుగాటి పలుపు కట్టి, కొస నా చేతికి చుట్టుకున్నాను.

ముందు నా సైకిలు పడవ ఎక్కించాను. పది గజాలు పోలేదు, అక్క మొహం ముడుచుకుపోయింది. "మోకాలు పైకొచ్చినప్పుడల్లా ప్రాణం పోతాండాదిరా. నేనెప్పుడు సైకిలు తొక్కినాను, ఇప్పుడు తొక్కడానికి?" నిజమే. మా అక్క జన్మలో సైకిలు ఎక్కలేదు. ఆ ముక్క నాకు తోచనే లేదు. తోపుడు పడవ ఎక్కించాం. అందులో కాలు గుండ్రంగా తిరగక్కర్లేదు, ఎంత దూరం నొప్పి లేకుండా తోయగలిగితే అంతే తోయొచ్చు. పొట్టి పొట్టి తోపులే తోసింది. పడవ కదిలింది. ఎడమ చేతి పక్కన చుక్కాని పిడి ఉంటుంది, దాన్ని తిప్పితే మూతి తిరుగుతుంది. రెండు నిమిషాల్లో పట్టేసింది. నా చేతిలో పలుపు బిగిసే దాకా పోయి, "ఇంకా వదలరా!" అని అరిచింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, దిగేటప్పుడు. సీటు నేలబారున ఉంటుంది. అరిగిన మోకాళ్ళతో అంత కిందనుంచి లేవడం అయ్యే పనికాదు. నేను, బావ చెరో చెయ్యి పట్టుకొని లేపాం. అవతలి ఒడ్డున లేపడానికి ఎవరుంటారు?

అది నా పనే గదా అనుకున్నాను. ఎత్తు చాలకపోతే ఎత్తు పెంచడమే. అల్యూమినియం గొట్టాలతో కుర్చీ ఎత్తున ఫ్రేము చేయించాను. ఈసారి ఫోము జోలికి పోలేదు, నవారు అల్లాను. మంచానికి అల్లే నవారే. నీళ్ళు పడితే కారిపోతాయి, నడుముకు మెత్తగా ఉంటుంది. వెనక ఉన్న ఖాళీలో టమోటా ట్రే కొలత తీసినట్టు కూర్చుంది. దాన్ని రబ్బరు తాళ్ళతో బిగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అక్క అందులో కూర్చొని పక్కకు తిరిగి నన్ను చూసిందో లేదో, పడవ ఒక్కసారి ఒరిగి, అక్క దబ్బున నీళ్ళలో పడింది.

నడుములోతే. జాకెట్టు ఉంది. ఏమీ కాలేదు. కానీ లేచి నిలబడ్డాక ఆమె మొహంలో భయం కంటే అవమానం ఎక్కువగా ఉంది. ఒడ్డున నలుగురు జనం నవ్వారు. మనిషి ఎత్తున కూర్చుంటే పడవ నిలవదని ఆ పూట తెలిసింది నాకు. సీటు ఎత్తు పెంచడం తప్ప వేరే వైద్యం తెలియని నా చేతుల్ని నరుక్కోవాలనిపించింది.

"సాల్లేరా" అంది అక్క, చీర పిండుకుంటూ. "శుక్రవారం ఆ పక్క సేను ఆయన్ని రమ్మని సెప్పినాడు మీ బావ. గుత్తకే ఇచ్చేస్తాం. నువ్వూ నీ పనీ సూసుకో, షాపు మూసుకొని ఎన్నాళ్ళు తిరుగుతావు."

వాళ్ళ ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాను. అక్క లోపల మంచం మీద పడుకొని ఉంది. కాసేపటికి ఆమె లేవబోయింది. మంచం పైన దూలానికి పాత చీర ఒకటి వేలాడుతోంది. మా వైపు మోకాళ్ళు పోయిన పెద్దవాళ్ళ మంచాల మీద ఇట్లాంటిది ఉంటుంది. పురిటి మంచానికీ కట్టేవాళ్ళు. అక్క దాన్ని రెండు చేతులా పట్టుకొని, మోకాళ్ళకు పని చెప్పకుండా, చేతుల బలంతో లేచి నిలబడింది. గడ్డి మోపులు ఎత్తిన చేతులు అవి.

నేను కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి పడవ దగ్గరికి పరిగెత్తాను.

ఎత్తు ఫ్రేము పీకేశాను. అదే నవారును పాత ఎత్తుకే, నేలబారునే అల్లాను. వీపు ఆనుకునే పలక మాత్రం కొంచెం నిటారుగా పెట్టాను. పెడళ్ళ ముందర, పడవ మూతి దగ్గర ఇనుప కొక్కెం ఉంటుంది. దానికి మూడు పేటల నవారు పట్టీ కుట్టి, కొసకు చేతికి నిండుగా పట్టు దొరికేట్టు గుడ్డ చుట్టిన కర్రపిడి పెట్టాను. పడవ మూతిని ఒడ్డు బంకమట్టిలోకి ఎక్కించేస్తే అది కదలదు. అప్పుడు పట్టీని లాగి లేవాలి. దూలం లేదు గాబట్టి పైకి కాదు, ముందుకు లాగాలి. ఒడ్డున పదిసార్లు నేనే లేచి కూర్చొని చూసుకున్నాను. కుట్టు తెగుతుందేమోనని బావను కూడా ఎక్కించి చూశాను. ఆయన బరువు మామూలుది కాదు. తెగలేదు.

అక్క ఊరికే ఒప్పుకుంటుందా? "మళ్ళీ ముంచుతావా?" అంది. నేను బతిమాలాను, అలిగాను, అరిచాను. చివరికి "మొండోడు రాజు కంటే బలవంతుడంటారు, నీ తోటి ఎవురు యేగుతారురా" అంటూ లేచింది.

అది శుక్రవారమే. గుత్త రైతు అప్పటికే వచ్చి కట్టమీద బావ పక్కన కూర్చొని ఉన్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. అక్క ఒడ్డునే నాలుగుసార్లు పట్టీ లాగి లేచి చూసుకుంది. లేవగలుగుతోంది. నేను పలుపు చేతికి చుట్టుకుంటుంటే చూసి, "అది ఇప్పెయ్. నేనేమన్నా ఆవునా?" అంది.

ఇప్పాను.

పోయింది. పొట్టి పొట్టి తోపులు, తొందర లేదు. కాషాయం జాకెట్టు చిన్నదవుతూ పోయింది. వెనక నీళ్ళ మీద సన్నటి గీత తప్ప ఇంకేమీ లేదు. తెల్ల కొంగలు కొన్ని లేచి ఆమె మీదుగా పోయి అవతల వాలాయి. ఆ చెరువు అడుగున ఆమె నడిచిన బాట ఉంది, మేం ఆడుకున్న చోటు ఉంది, దాని మీద ఇన్ని నిలువుల నీళ్ళ పైన మా అక్క కూర్చొని పోతోంది. గుత్త రైతు రెండు చేతులూ జోడించి నిలబడిపోయాడు. ఎవరికి మొక్కుతున్నాడో ఆయనకే తెలియదనుకుంటా.

సరిగ్గా నడిమధ్యలో పడవ ఆగింది.

"అక్కా! ఏమైందక్కా!" అని గొంతు చించుకున్నాను. బావ చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాడు, ఈత రాదన్న సంగతి కూడా మరిచిపోయి. అక్క తల దించుకొని కాళ్ళ వైపు చూసుకుంటోంది. చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఒక చెయ్యి పైకెత్తి, ఉండండన్నట్టు ఊపి, మళ్ళీ కదిలింది.

అవతలి ఒడ్డున పడవ మూతి మట్టిలోకి ఎక్కింది. పట్టీ బిగిసింది. అక్క ఒకసారి లేవబోయి కూర్చుండిపోయింది. రెండోసారి లేచి నిలబడింది. చీర కుచ్చెళ్ళు దులుపుకొని, చేనులోకి నడిచి, టమోటా కట్టెల మధ్య కనిపించకుండా పోయింది. మేం ముగ్గురం కట్టమీద కూర్చొని ఎదురుచూశాం. ఎండ ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు వెనక ట్రే నిండా టమోటాలు ఉన్నాయి.

పడవ ఒడ్డు తాకకముందే నీళ్ళలోకి దిగి మూతి పట్టుకున్నాను. "నడిమధ్యలో యాల ఆగితివక్కా? ఈడ మా ప్రాణాలు పోయినాయి!"

అక్క నుదుటి చెమట తుడుచుకుంది. "ఏం లేదురా. గడప దాటితేనే నొస్తాయి గదా మోకాళ్ళు. సగం చెరువు పోయినా నొయ్యలా. ఇన్నేండ్లు నాతో ఉండిన నొప్పి, యాడికి పోయిందబ్బా అని ఆగి సూసుకున్నా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. గుత్త రైతు తువాలు దులిపి భుజాన వేసుకొని, "నేను పోయొస్తానక్కా" అన్నాడు. అక్క ఆయన తువాలులో నాలుగు దోసిళ్ళ టమోటాలు పోసి పంపింది. మిగతావి గంపలోకి వంచేసి, ఖాళీ ట్రేను నా చేతికిచ్చి వెనక కట్టమంది.

"మళ్ళీ యాడికి?" అన్నాను.

"ఇంకొక ట్రే కాయ కోసి పెట్టొచ్చినా. ఎండకు వాడిపోతాది" అని పడవ తిప్పింది. ఈసారి మధ్యలో ఆగలేదు.